తంజావూరి దర్శనము

తంజావూ రనగానే మనలో కొందఱకు వీణ జ్ఞప్తికి వచ్చును. కొందఱకు పూజామందిరములోని బంగారురేకుల బాలకృష్ణుని పటమును, పిల్లలకు తల యాడించు బొమ్మయు జ్ఞప్తికి వచ్చును. కాని తెలుగు చదువుకొన్న స్త్రీకి ఆ యూరు పుట్టినింటి వంటిదను సంగతి మనలో ననేకు లెఱుగరు. రామేశ్వరయాత్రకు పోవువారు దారిలో నచ్చట దిగి, పెద్దగుడి నొక గంటలో చుట్టివచ్చి, సాయంకాలపు బండి కెక్కుదురు. మేమును మొదట నట్లే యనుకొంటిమి. సంక్రాంతి సెలవులలో మావారికి దొరకిన దినములు నాలుగే. అందు మూడు దినములు తంజావూరికే చెల్లిపోయినవి. రామేశ్వరము వేఱొక యేటికి మిగిలినది. అందులకు నేను విచారింపలేదు.

పెద్దగుడికి రాజరాజేశ్వరమని తొలిపేరు; నేడు బృహదీశ్వరాలయ మందురు. దక్షిణదేశమున సాధారణముగ గోపురము లాకాశము నంటుచుండును, గర్భాలయముమీది విమానము పొట్టిగా నుండును. ఇచ్చట నంతయు విపర్యయము. గోపురములు వినయముగ క్రిందుగా నిలువగా, లింగముమీది విమానము పదమూడంతస్తులతో 216 అడుగుల యెత్తున లేచినది. మొదటి రాజరాజచోళుడు దీనిని కట్టించెను. తన రాజ్యకాలమున 25వ వత్సరమున, 275వ దినమున, శిఖరముపై నిలుపుటకు రాగి కలశము నిచ్చినట్లు శాసనమున చెక్కించుకొన్నాడు. అది క్రీస్తుశకము 1010వ సంవత్సరము. కలశమిచ్చిన దినము సైతము లెక్కవ్రాయించిన రాజు! ఇంత లెక్క తెలిసిన యజమానుడు కట్టించిన గుడి వేయి సంవత్సరములైనను బీటవాఱలేదన్న నాశ్చర్యమేమి?

మాకు గుడి చూపుటకు వచ్చినవాడు అరవము, తెలుగు, హిందీ కలగలిపి ధారాళముగ మాటలాడెను. ఈ విమానము నీడ నేలమీద పడదనియు, శిఖరమునందలి గుండు ఏకశిలయనియు, దానినెక్కించుటకు కొన్ని మైళ్ల పొడవున మన్నుకట్ట వేసిరనియు చెప్పెను. అప్పటికి సాయంకాలము నాలుగు గంటలైనది. విమానము నీడ ప్రాంగణమున చక్కగ పఱచుకొని యుండెను. ఆ నీడలోనే నిలిచి యతడు నీడ పడదని చెప్పుచుండెను. మావారు బడిపంతులు గనుక ఖండింపబోయిరి. నేను కనుసైగచేసి వారించితిని. శిఖరపు గుండును పెక్కు శిలాఖండములతో కూర్చిరని పరిశోధకులు వ్రాసియున్నారు. ఉన్న గొప్ప చాలనట్లు లేని గొప్ప నంటగట్టుట యెందులకో నాకు తెలియదు. ఎత్తైన మండపములోని నంది చోళులకాలపుది కాదు, తరువాత వచ్చిన నాయకరాజులనాటిది. అదియు పెరుగుచున్నదనియు, పెరుగకుండ వీపున మేకు కొట్టిరనియు మఱియొక కథ. దానిని మా పిల్లలు మిక్కిలి సంతోషముతో వినిరి.

ఆ గుడిలో నన్ను నిలిపివేసినది విమానము గాదు. దాని పీఠముచుట్టు చెక్కిన యక్షరములు. ఒక్క చేతివెడల్పు స్థలమైన విడువక అరవలిపిలో శాసనములు చెక్కియున్నవి. ఈ గుడి నెవరు కట్టించిరో లోకము మఱచి యే పురాణకథలనో చెప్పుకొనుచుండగా, పందొమ్మిదవ శతాబ్ది చివర హుల్ట్జ్ అను జర్మను పండితుడు వీనిని చదివి ప్రకటించెను. అందు మొదటి శాసనమున రాజరాజు ఆజ్ఞ గలదు. తానిచ్చినవియు, తన యక్క యిచ్చినవియు, తన దేవేరులిచ్చినవియు, ఇతరులిచ్చినవియు నన్నియు విమానపు రాతిమీద చెక్కవలసినదని దాని భావము. తనవెంటనే అక్కను జెప్పెను. రాణులను పిమ్మట జెప్పెను.

ఆ యక్క కుందవ. వీరి తల్లి వానవన్మహాదేవి, భర్త సుందరచోళుడు గతింపగా, చంటిబిడ్డను విడిచి సహగమనము చేసినదని తిరుక్కోవలూరి శాసనము చెప్పుచున్నది. కుందవ ఈ గుడిలో తన తండ్రికిని తల్లికిని విగ్రహములు చేయించి నిలిపినది, వానికి నగలిచ్చినది. ఆ దానశాసనమును చేతితో తడవి చూచితిని. పుత్రుడు పితరులకు పిండమిడుట మన మెఱుగుదుము. కూతురు తల్లిదండ్రులను లోహమున పోతపోయించి దేవునిసన్నిధి నుంచుట నేనెచ్చటను వినలేదు.

ఇంకొక కుందవయు గలదు. ఆమె రాజరాజు కూతురు. మేనత్త పేరు పెట్టుకొన్నది. ఈమెను వేంగీచాళుక్యుడగు విమలాదిత్యున కిచ్చిరి. వీరి కుమారుడే రాజరాజనరేంద్రుడు. 1022 మొదలు 1061 వఱకు వేంగీదేశమేలి, రాజమహేంద్రవరమున నన్నయభట్టుచే భారతమును తెలుగున వ్రాయించిన రాజితడే. తాతపేరు మనుమనికి పెట్టుకొనుట మన యిండ్లలోని యాచారమే గదా. ఆంధ్రభారతము విప్పినపుడెల్ల నేను రాజనరేంద్రుని తలచుకొందునే గాని ఆయన తల్లిని దలచి యెఱుగను. కావేరీతీరమునుండి గోదావరీతీరమునకు కాపురమునకు వచ్చిన యా పిల్లకు మన భాష నేర్చుకొనుట కెన్నాళ్లు పట్టెనో!

గృహిణులకు వినోదమగు మఱియొక లెక్క చెప్పెదను. గుడిలో నిత్యదీపములకు నేయి కావలెను. అందులకు రాజు పసులను దానమిచ్చి, కాపరులకప్పగించెను. ఒక్క దీపమునకు 96 గొఱ్ఱెలు, లేక 48 ఆవులు, లేక 16 గేదెలు. అనగా ఒక గేదె మూడావులకు సమానము. ఒక ఆవు రెండు గొఱ్ఱెలకు సమానము. పాడి గల యింట పెరిగినదానను గనుక ఈ లెక్క చూచి నాకు నవ్వు వచ్చినది. వేయేండ్ల క్రిందటి గేదెయు నేటి గేదెవలెనే వెన్న విషయమున నావును గెలిచినదన్నమాట!

ఇంక నాలుగువందల స్త్రీల సంగతి. చోళదేశమందలి యనేక దేవాలయములనుండి నాట్యమెఱిగిన స్త్రీలను నాలుగువందలమందిని రప్పించి, గుడిచుట్టు వీధులు గట్టించి, ఒక్కొక్కతెకు ఒక యిల్లును, ఏటికి నూఱు కలముల వడ్లును రాజరాజు ఏర్పఱచెను. శాసనమున మొత్తము సంఖ్య వ్రాసి యూరకొనలేదు. ఏ వీధి, ఏ వరుస, ఎన్నవ యిల్లు, ఆమె యే యూరి గుడినుండి వచ్చినది, పేరేమి, యని నాలుగువందలమందికిని వరుసగ చెక్కించెను. దక్షిణవీధిలో దక్షిణపువరుస మొదటి యింట తిరువయ్యాఱునుండి వచ్చిన చేరమంగై. ఆ పట్టికలోనే ఎడుత్తపాదమను నామె గలదు. ఎత్తిన యడుగని దాని యర్థము, నటరాజుయొక్క యెత్తిన పాదమే యామెకు పేరైనది. ఒకతె మరణించినను, వేఱొక దేశమునకు పోయినను ఆమె దగ్గఱి బంధువు ఆ పని చేయవలెననియు, బంధువునకు యోగ్యత లేనిచో యోగ్యురాలిని వెదకి నిలుపవలెననియు కట్టడి. నట్టువులు, మద్దెలవారు, కుట్టుపనివాడు, చాకళ్లు, కంసాలి, జోస్యుడు, వీరికిని భాగములు గలవు.

ఈ పట్టికనుగూర్చి మాకు భార్యాభర్తలకు ఆ రాత్రి బసలో వాదము జరిగినది. వారి మాట యేమనగా: తమ యిష్టమున వచ్చిరో, పంపగా వచ్చిరో తెలియని స్త్రీల పేరులు చెక్కించిన మాత్రమున రాజు వారికి గౌరవము చేసినట్లా? అది పశువుల లెక్కవంటి లెక్కయే కావచ్చును. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఆ యాచారము పిమ్మట నెన్ని కుటుంబముల కన్నీటికి కారణమైనదో మన మెఱుగుదుము. శ్రీమతి ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనసభలో దాని కెదురుగ పోరాడిరి. బాలికలను దేవాలయములకర్పించుట తగదని 1947లో చట్టమైనది. అయినను నేను చెప్పిన దిది: గేదెల సంఖ్య వ్రాసిరి గాని వాని పేరులు వ్రాయలేదు. చేరమంగై కొక యిల్లు గలదు, ఆ యింటి కొక సంఖ్య గలదు, వడ్లు గలవు. విద్య లేనిచో బంధుత్వము పనికిరాదను నియమము గలదు. మన పెద్దల వంశవృక్షములలో ఏడుతరముల మగవారి పేరులుండును గాని, మా యత్తగారి యత్తగారి పేరు మా యింట నెవరికిని తెలియదు. మావారు మఱల బదులు చెప్పలేదు. వాదమున నోడి కాదు, నిద్ర వచ్చి.

గర్భాలయము చుట్టునున్న చీకటి ప్రదక్షిణమార్గమున చోళచిత్రములు గలవు. నాయకరాజులు వానిపై వేఱు చిత్రములు వ్రాయించుటచే అవి దాదాపు మూడు శతాబ్దములు మరుగున పడియుండి, 1931లో బయటపడినవి. ఆ మార్గమును యాత్రికులకు సామాన్యముగ తెఱువరు. పై యంతస్తున భరతశాస్త్రమందలి 108 కరణములలో 81 మాత్రము శివుడే యాడుచున్నట్లు శిల్పించి, తక్కిన రాళ్లు చెక్కక విడిచినారు. వాని ఛాయాచిత్రములతోనే తృప్తి పొందితిమి. ప్రాంగణమందలి అమ్మవారి కోవెల పాండ్యులనాటిది. మూలనున్న సుబ్రహ్మణ్యాలయము నాయకులనాటిది. దాని రాతిపని నగిషీ జరీయంచువలె సన్నముగ నున్నది. ఉదయమో సాయంకాలమో పోవలెను. మధ్యాహ్నమున తలుపులు మూయుదురు, రాతిపరుపుమీద వట్టికాళ్లతో నడువజాలము.

గుడిచుట్టు నున్న శివగంగకోటను, అగడ్తను శెవ్వప్పనాయకుడు పదునారవ శతాబ్దిలో కట్టించెను. ఇచ్చటినుండి తంజావూరు మనది. విజయనగరపు అచ్యుతదేవరాయల రాణి తిరుమలాంబ. ఆమె చెల్లెలు మూర్తిమాంబ శెవ్వప్ప భార్య. ఆ బంధుత్వముచేతనే ఈ రాజ్యము వారికి దక్కినదందురు. శెవ్వప్ప, అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు, ఈ నలుగురును తెలుగువారు. దాదాపు నూటనలువది యేండ్లు కావేరీతీరమున తెలుగుకవిత్వమునకు పట్టముగట్టిరి. తూర్పుకోటవాకిట రఘునాథునికాలపు ఫిరంగి యొకటి గలదు. ఇనుపపట్టీలను కాల్చి యతికి చేసినది. పొడవు 26 అడుగులు. దానికి రాజగోపాలమని మన్నారుగుడి స్వామిపేరు. ఆ ఫిరంగిని చూచుటకు మా పెద్దవాడు రెండుసార్లు పోయినాడు. నేనొకసారితో చాలించుకొంటిని.

రాజమహలులో ఇప్పుడు చూడదగినవి దర్బారుశాల, సంగీతమహలు, ఎత్తైన ఆయుధగోపురము. నాయకులు కట్టినదానిని మరాఠారాజులు పెంచిరి. స్తంభములమీది రంగులు చూచుచు జనులు ఛాయాచిత్రములు తీసికొనుచుండగా నే నొక మూల కూర్చుంటిని. మా నాయనగారు నాకు చెప్పిన పాఠములలో చేమకూర వేంకటకవి విజయవిలాసము మూడవది. ఆ కావ్యమును అంకితము పుచ్చుకొన్న రఘునాథుని సభ ఇచ్చటనే యుండెను. ఆ సభలో పురుషులు మాత్రమే కూర్చుండలేదు. రామభద్రాంబ రఘునాథుని చరిత్రమును రఘునాథాభ్యుదయమను సంస్కృతకావ్యముగ వ్రాసినది. మధురవాణి రఘునాథుని తెలుగు రామాయణమును సంస్కృతమున రచించినది; అర్ధఘటికలో నూఱు శ్లోకములు చెప్పగలదని ప్రసిద్ధి. విజయరాఘవుని కాలమున పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును రచించి కనకాభిషేకము పొందినది. తలపై బంగారుపూలు పోసి కవిని సన్మానించుట నాయకులనాటి మర్యాద. మనకు చదువెందులకని నేటికిని కొన్ని యిండ్లలో పెద్దలు ప్రశ్నించుచుండగా, పదునేడవ శతాబ్దిలో ఒక తెలుగుస్త్రీకి పాండిత్యమునకు బంగారముతో స్నానము! మాకు మహలు చూపినవాడు రాజులపేరులు, దీపములపేరులు, ఏనుగుదంతములపేరులు చెప్పెను గాని వీరిపేరు లెత్తలేదు. నేనే యడిగితిని. నాట్యము చేయువారా యని యతడు నన్నే తిరిగి యడిగెను. అప్పుడు మాత్రము నేను మావారిని వారింపలేదు. వారు పావుగంటసేపు రంగాజమ్మను గుఱించి పాఠము చెప్పిరి. అతడు మంచివాడు, శ్రద్ధగనే వినెను.

ఈ రాజ్యము ముగిసిన తీరు తలంచిన గుండె బరువెక్కును. 1673లో మధుర నేలుచుండిన చొక్కనాథనాయకుడు విజయరాఘవుని కూతును పెండ్లికడిగి, లేదనిపించుకొని దండెత్తి వచ్చెను. విజయరాఘవు డప్పటికి ముదుసలి. గెలుపు లేదని తెలిసికొని, అంతఃపురస్త్రీలను పగవారిచేత జిక్కనీయరాదని మందుగుండు పెట్టి వారితోగూడ అంతఃపురమును పేల్పించి, కుమారునితోగూడ యుద్ధముచేసి మడిసెనని చరిత్రకారులు వ్రాసిరి. చెంగమలదాసను బాలు డొకడు తప్పింపబడెను. ఈ కథను చెప్పువారు విజయరాఘవుని శౌర్యమును మెచ్చుకొందురు. అది మెచ్చవలసినదే కావచ్చును. పిల్లను అడిగినవా డడిగెను, ఈయననువాడు ఈయననెను, కోట కాలినది. ఆ పిల్లను మాత్ర మెవరైన నడిగిరా యని కథ చెప్పువారి కెవ్వరికిని దోచదు. రంగాజమ్మ పద్యములను విని తలలూచిన యంతఃపురమే కదా యది. ఆమె రాసిన గ్రంథములు మిగిలినవి.

పిమ్మట రాజ్యము శివాజీ తమ్ముడగు ఏకోజీ వశమైనది. 1855 వఱకు మరాఠారాజు లేలిరి. వారు తెలుగును త్రోసివేయలేదు. శాహజీ తానే తెలుగు యక్షగానములు వ్రాసెను. ప్రతాపసింహుని సభలో ముద్దుపళని రాధికాసాంత్వనము రచించినది. ఆ కావ్యమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో సరియైన ప్రతినిబట్టి ముద్రింపించగా, అశ్లీలమని ప్రభుత్వము నిషేధించెను. ప్రకాశం పంతులుగారు మద్రాసురాష్ట్ర ప్రధానిగ నున్నకాలమున గాని నిషేధము తొలగలేదు. అందలి శృంగారము నెల్లరును మెచ్చవలెనని నేననను. మా కోడలికి నేనిచ్చి చదివింపను. కాని దానిని మించిన ప్రబంధములను మగపండితులు బహిరంగముగ పాఠము చెప్పుచుండగా, ఆడుది వ్రాసినది మాత్రమే పోలీసువారి దృష్టిలో పడుట న్యాయమా?

మహలులోని సరస్వతీమహల్ గ్రంథాలయము నాయకులనాడే మొదలై, రెండవ శరభోజీ కాలమున (1798–1832) మహాభాండారమైనది. ఆయన కాశీయాత్రకు పోయినప్పుడు సైతము గ్రంథములు సేకరించి తెచ్చెను. కంటిరోగులకు చికిత్స చేయించి, వారి కండ్ల చిత్రములు వ్రాయించి యుంచెను. సంస్కృతప్రతులు వేలకొలది, తెలుగుప్రతులు ఎనిమిదివందలకు మించి గలవు. 1918లో అందఱకు తెఱువబడినది. అద్దపుపెట్టెలలో తాటాకులు చూపుదురు. ఒక యాకుమీది తెలుగక్షరముల నేను గడగడ చదువుచుండగా ప్రక్కనున్న యరవసోదరి యొకతె నా భుజముమీద చేయివేసి, ఇది మీ భాషయా యని యడిగినది. ఔనన్నప్పుడు నా గొంతు కొంచెము పెద్దదైనదని మావారనిరి.

చిత్రశాలలో చోళుల కంచువిగ్రహములు గలవు. అందొకదాని ముందు అరగంట నిలిచితిని. తిరువెణ్గాడున భూమిలో దొరకిన వృషవాహనమూర్తి, 1011లో చేసినది. పాములను తలపాగావలె చుట్టుకొని, ఒక కాలు మడచి, కుడిచేయి ఎద్దుమూపున వ్రాల్చి నిలిచిన శివుడు. ఎద్దు దొరకలేదు. చేయి మాత్రము గాలిలో వ్రాలియున్నది. అయినను మనకక్కడ ఎద్దు కనబడును! ప్రక్కన పార్వతి, మరుసటియేడు 1012లో చేసినది. ఒక్క యేడు ఆలస్యముగ వచ్చినను ఆమె మొగమున కోపము లేదు.

పడమటి పెద్దవీధిలోని బంగారుకామాక్షి గుడి చిన్నది. పెద్దగుడి చూచిన కంటి కానదు. కాని తప్పక పోవలెను. శ్యామశాస్త్రిగారు (1762–1827) ఆ యమ్మకు అర్చకులు. అరవదేశమున గుడిగంటలనడుమ కూర్చుండి, అమ్మతో తెలుగున మొఱపెట్టుకొన్నారు. మే మెదుట నిలిచియుండగా ఒక ముదుసలి యరవస్త్రీ వారి కీర్తన నెత్తుకొన్నది. ఆమెకు తెలుగు రాదు. ఒక్క యక్షరము తప్పలేదు.

మూడవనాడు బస్సెక్కి తిరువయ్యాఱు పోయితిమి, పదమూడు కిలోమీటర్లు. దారిపొడవునను కావేరి పాయలు, వరిచేలు. చేరమంగై బయలుదేఱిన గుడి, రాజరాజు పట్టపురాణి లోకమహాదేవి కట్టించినది, అచ్చటి పంచనదీశ్వరాలయపు ప్రాకారములోనే గలదు. కావేరి యొడ్డున త్యాగరాజస్వామి సమాధి. అది పాడుపడియుండగా తన సొమ్ముపెట్టి గుడి కట్టించినది, ముద్దుపళని కావ్యమును ముద్రింపించిన యా నాగరత్నమ్మగారే. ఆరాధనలో స్త్రీలు పాడరాదని పురుషులు కట్టడిచేసియుండగా ఆమె స్త్రీలను చేర్చుకొని వేఱుగ నారాధన జరిపినది; 1941 నాటికి అందఱును కలిసి పాడు ఏర్పాటైనది. 1952లో ఆమె గతించినది. స్వామికెదురుగ ఆమెకును సమాధి గలదు; చేతులు జోడించి కూర్చున్న యామె విగ్రహమున్నది. మేము పోయినప్పుడు, రానున్న పుష్యబహుళపంచమి యారాధనకు పందిరి వేయుచుండిరి. పనివారు వెదురుబొంగుల నామె ముందు పేర్చియుండగా, గుడి యూడ్చు నామె వచ్చి, దారి విడువుడని వారిని కేకలు వేసి, బొంగులను ప్రక్కకు త్రోయించినది.